ఇన్‌స్టాల్ నొక్కే ముందు

నాది ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీషు మీడియమే. టెన్త్ దాకా తెలుగు ఉండేది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకోవడంతో అదీ పోయింది. కాబట్టి ఈ వ్యాసంలో తప్పులుంటే మన్నించండి. మా క్లబ్ సీనియర్లు దిద్దగా మిగిలినవి నావే.

సొంతంగా బిగించుకున్న డెస్క్‌టాప్‌లో లినక్స్ ఎలా వేయాలో చెప్పడానికి ఇది రాస్తున్నాను. నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఇందులో ఉంది. అసలు పాఠం అదే.

లినక్స్ ఎందుకు?

మొన్న వేసవి సెలవుల్లో ఇంట్లో ఒక కంప్యూటర్ బిగించా. గ్రాఫిక్స్ కార్డుకి డబ్బుల్లేక, గ్రాఫిక్స్ లోపలే ఉండే రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకున్నా. 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. వీటితో పాటు నాన్న షాపులో చెడిపోయిన పాత కంప్యూటర్ నుంచి తీసిన 1 టీబీ హార్డ్‌డిస్క్. నాన్నది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, ఏళ్ళ తరబడి చేసినవన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. ఆ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

పార్టులు కొనేసరికి విండోస్ లైసెన్సుకి డబ్బు మిగల్లేదు. అందుకే లినక్స్. 1991 ఆగస్టులో లినస్ టోర్వాల్డ్స్ దీని గురించి మొదటిసారి బయటపెట్టినప్పుడు ఆయన హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి, వయసు 21. నాకంటే రెండేళ్ళే పెద్ద! ఆయన రాసింది కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌కీ ప్రోగ్రాములకీ మధ్య కూర్చుని పని పంచే భాగం. దాని చుట్టూ ఉండే చాలా పనిముట్లు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చాయి.

దీన్ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకి రెండర్థాలు ఉండటంతో ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవాలి. తెలుగులో ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. కోడ్ చదవొచ్చు, మార్చొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఇది స్వేచ్ఛ. డబ్బులు కట్టక్కర్లేకపోవడం దాని వెంట వచ్చే లాభం మాత్రమే.

పెన్‌డ్రైవ్ తయారీ

నేను లినక్స్ మింట్ ఎంచుకున్నా. ఐఎస్ఓ ఫైల్ దాదాపు 3 జీబీ ఉంటుంది. డౌన్‌లోడ్ అయ్యాక చెక్‌సమ్ చూడాలి. ఎస్‌హెచ్‌ఏ256 అనే లెక్క ఆ ఫైల్ మొత్తాన్ని 64 అక్షరాల వరుసగా మారుస్తుంది. ఫైల్‌లో ఒక్క బిట్ తేడా ఉన్నా వరుస పూర్తిగా మారిపోతుంది. వెబ్‌సైట్‌లో ఇచ్చిన వరుస, మనకొచ్చిన వరుస ఒకటైతే ఫైల్ సరిగ్గా దిగినట్టే.

ఐఎస్ఓని మామూలుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బూట్ అవ్వదు. రూఫస్ లాంటి టూల్‌తో రాయాలి. పెన్‌డ్రైవ్‌లో పాతవన్నీ పోతాయి కాబట్టి ఖాళీది వాడండి.

కంప్యూటర్ ఆన్ అవ్వగానే డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కితే మదర్‌బోర్డు సెట్టింగ్స్ వస్తాయి. అక్కడ యూఈఎఫ్ఐ మోడ్ ఉందో లేదో చూసి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. లోపల జరిగేది ఇదీ: మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ ఈఎఫ్ఐ పార్టిషన్‌ని వెతుకుతుంది, అందులోని గ్రబ్‌ని లేపుతుంది, గ్రబ్ కెర్నెల్‌ని ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది, మిగతా అంతా కెర్నెల్ చూసుకుంటుంది.

మొదట వచ్చేది లైవ్ మోడ్. డిస్క్‌లో ఏమీ రాయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. వైఫై, సౌండ్, డిస్‌ప్లే పనిచేస్తున్నాయా అని ఇక్కడే చూసుకోవాలి. నేను అన్నీ చూశా. ఒక్కటి తప్ప.

నా తప్పు

ఇన్‌స్టాలర్‌లో "డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి" అనే ఆప్షన్ ఉంటుంది. ఏ డిస్క్ అని అడిగింది. లిస్టులో ఎస్‌డీఏ కనిపించింది. "ఏ" అంటే మొదటిది, మొదటిదంటే కొత్త ఎస్ఎస్‌డీనే అనుకున్నా. కాదు. లినక్స్‌లో సాటా డిస్క్‌లకీ, పెన్‌డ్రైవ్‌లకీ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు వస్తాయి. ఎన్‌వీఎంఈ డిస్క్ పేరు ఎన్‌వీఎంఈ అనే మొదలవుతుంది. పక్కన సైజు కూడా రాసే ఉంది. చివర్లో ఏమేం మారుతుందో చూపించి "సరేనా?" అని ఇంకోసారి అడిగింది. చదవకుండా నొక్కేశా.

ఇన్‌స్టాల్ అయిపోయింది. డెస్క్‌టాప్ వచ్చింది. ఎస్ఎస్‌డీ పెట్టినా ఇంత స్లో ఏంటా అనుకున్నా. నాన్న ఫైళ్ళు తెరుద్దామని చూస్తే 1 టీబీ డిస్క్‌లో లినక్స్ ఉంది, ఎస్ఎస్‌డీ ఖాళీగా ఉంది.

వెంటనే కంప్యూటర్ ఆపేశా. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక మంచి పని అది. ఫార్మాట్ చేసినప్పుడు హార్డ్‌డిస్క్‌లో ప్రధానంగా మారేది విషయసూచిక లాంటి భాగం. పుస్తకం మొదట్లో సూచిక చింపేసినా పేజీలు ఉంటాయి కదా, అలాగ. ఆ పేజీల మీద కొత్తవి రాసే కొద్దీ పాతవి శాశ్వతంగా పోతాయి. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ అనే పద్ధతి వల్ల ఈపాటి ఆశ కూడా ఉండేది కాదు.

మళ్ళీ లైవ్ మోడ్‌లోకి వచ్చి ఫోటోరెక్ అనే ఓపెన్ సోర్స్ టూల్ నడిపా. దొరికినవాటిని అదే డిస్క్‌లో దాచకూడదు కాబట్టి ఎస్ఎస్‌డీలోకి పంపా. రాత్రంతా పట్టింది. పొద్దున నాన్న టీ గ్లాసుతో వచ్చి "ఏరా, నిద్రపోలేదా?" అన్నాడు. చెప్పేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎన్నొచ్చాయి?" అని మాత్రం అడిగాడు.

పేజ్‌మేకర్ ఫైళ్ళు దాదాపు అన్నీ పోయాయి. పీడీఎఫ్‌లు 600కు పైగా వచ్చాయి. కానీ పేర్లు లేవు. ఎఫ్ అనే అక్షరం, పక్కన ఒక పెద్ద నంబరు, అంతే.

తెలుగు దగ్గర ఆగిపోయా

సీఎస్ఈ కదా, ఫైల్ లోపలి అక్షరాలు తీసి పేర్లు పెట్టే స్క్రిప్ట్ రాసేద్దాం అనుకున్నా. రాశా కూడా. వచ్చినవన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. కారణం పాత డీటీపీ ఫాంట్లు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మల్ని కూర్చోబెడతాయి. కంటికి "శ్రీ" కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం అదేదో ఇంగ్లీషు గుర్తు. యూనికోడ్‌లో అలా కాదు. అందులో తెలుగుకి సొంతంగా 128 స్థానాలున్నాయి. "క" అంటే 3093, ఏ కంప్యూటర్‌లోనైనా.

చివరికి కళ్ళతోనే చదవాల్సి వచ్చింది. రోజూ రాత్రి షాపు మూశాక నాన్న, నేను కూర్చునేవాళ్ళం. మొదటి రోజు నేను ఒక్క శుభలేఖ కూడబలుక్కుని చదివేలోగా నాన్న పది చెప్పేశాడు. "ముహూర్తం" అన్న మాట దగ్గర నేను ఆగితే నవ్వాడు. వారం తర్వాత నేనే చదివి పేరు టైప్ చేస్తున్నా, నాన్న వింటున్నాడు. తెలుగు కీబోర్డు కోసం లినక్స్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకున్నా. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి. ఈ వ్యాసం కూడా దాంతోనే టైప్ చేశా.

మీరు చేయాల్సింది

1. ముఖ్యమైన ఫైళ్ళని ముందే ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక రెండు మూడు తెరిచి చూడండి.

2. కంప్యూటర్ ఆపి, పవర్ తీసేసి, క్యాబినెట్ తెరిచి పాత హార్డ్‌డిస్క్ సాటా కేబుల్ పీకేయండి. కనిపించని డిస్క్‌ని ఎవరూ చెరపలేరు. సొంతంగా బిగించిన కంప్యూటర్ కదా, స్క్రూడ్రైవర్ పక్కనే ఉంటుంది.

3. డిస్క్ పేరు ఒక్కటే నమ్మకండి, సైజు చూడండి.

4. పార్టిషన్లు మీరే చేసుకుంటే ఈఎఫ్ఐకి 512 ఎంబీ, సిస్టమ్‌కి ఒకటి, మీ ఫైళ్ళుండే హోమ్‌కి ఇంకొకటి పెట్టండి. రేపు సిస్టమ్ మళ్ళీ వేయాల్సి వస్తే, హోమ్‌ని ఫార్మాట్ చేయకుండా అలాగే ఉంచుకోవచ్చు.

5. చివర్లో వచ్చే హెచ్చరిక పూర్తిగా చదవండి. అది ఏ భాషలో ఉన్నా సరే.

ఇంకా 200 శుభలేఖలకి పేర్లు పెట్టాలి. సంక్రాంతి సెలవుల్లో పూర్తిచేస్తామని నాన్నకి మాటిచ్చా. ఈలోగా మన కాలేజీలో ఎవరైనా లినక్స్ వేయించుకోవాలంటే క్లబ్ రూమ్‌కి రండి. సాటా కేబుల్ మాత్రం ముందు నేనే పీకుతా.