శ్రుతికి రోల్ నంబర్

మేళకర్త రాగం పేరు తెలిస్తే దాని నంబరు కటపయాది పద్ధతిలో ఇట్టే చెప్పేయొచ్చు. ధీరశంకరాభరణంలో ‘ధీ’ అంటే 9, ‘ర’ అంటే 2. తిరగేస్తే 29. మొత్తం 72 రాగాల్లో ఏ రెండింటికీ ఒకే నంబరు రాదు. మరి స్వరాలను శ్రుతి చేసే పద్ధతులకు కూడా ఇలాంటి నంబరు ఇవ్వగలమా?

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. మన మేడ్చల్, శామీర్‌పేట వైపు కాలేజీ ఫెస్టుల్లో పాడేవాళ్లు తంబూరా యాప్‌తో సాధన చేసి వస్తారు, స్టేజీ మీదేమో కీబోర్డు ఉంటుంది. అంతర గాంధారం దగ్గర ఇద్దరికీ పడదు. నీది తప్పంటే నీది తప్పు! నిజానికి రెండూ వేర్వేరు లెక్కలు, అంతే.

షడ్జమాన్ని 1 అనుకుంటే పంచమం 3/2, తంబూరా నాదంలో వినిపించే అంతర గాంధారం 5/4, అంటే 80/64. కానీ నాలుగు పంచమాలు ఎక్కి రెండు స్థాయిలు దిగితే వచ్చే గాంధారం 81/64. మధ్యలో 81/80 తేడా మిగిలింది. ఇలాంటి బుల్లి తేడాని ‘కామా’ అంటారు. కొన్ని కామాలను లేనట్టే లెక్కేసి స్వరాలను సర్దుకోవడమే టెంపర్‌మెంట్.

ఇప్పుడు 2, 3, 5 ఘాతాలను వరసగా రాద్దాం. 81/80 అంటే (-4, 4, -1). మూడు గాంధారాలు ఎక్కినా పై షడ్జమానికి 128/125 తక్కువ పడుతుంది. అది (7, 0, -3). ఇంటర్‌లో చేసిన క్రాస్ ప్రోడక్ట్ ఈ రెండింటికీ చేయండి: (-12, -19, -28). గుర్తులు మారిస్తే (12, 19, 28). అర్థం ఏంటంటే, 2కి 12 మెట్లు, 3కి 19, 5కి 28. అదే మన కీబోర్డు!

ఇంకొకరు వేరే కామాలతో మొదలుపెడితే? 12 పంచమాలకూ 7 స్థాయిలకూ మధ్య తేడా (-19, 12, 0). దీన్ని 81/80తో కలిపి చేసినా మళ్లీ (-12, -19, -28) వస్తుంది. 128/125తో చేస్తే (-36, -57, -84) వస్తుంది. గ.సా.భా. 3తో భాగించి గుర్తులు మార్చండి, మళ్లీ అదే (12, 19, 28). అంటే ఏ దారిలో వచ్చినా, గ.సా.భా. తీసేసి మొదటి అంకెను ధనాత్మకం చేస్తే, ఒక టెంపర్‌మెంట్‌కి ఒకటే కోడ్.

ఈ కోడ్ దాని బండారం కూడా బయటపెడుతుంది. పంచమం 19-12=7 మెట్లు, అంటే 700 సెంట్లు. అసలు విలువ సుమారు 702 కాబట్టి పర్లేదు. గాంధారం 28-24=4 మెట్లు, 400 సెంట్లు. అసలు విలువ 386. గొడవంతా ఈ 14 సెంట్ల దగ్గరే. స్థాయిని 53 భాగాలు చేస్తే కోడ్ (53, 84, 123). అందులో గాంధారం 17 మెట్లు, దాదాపు 385 సెంట్లు. అక్కడ 81/80 మాయమవదు, ఒక మెట్టుగా నిలుస్తుంది.

1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించినప్పుడు గమకాలు పలకవన్న ఆక్షేపణతో పాటు ఈ శ్రుతి గొడవ కూడా ఉంది. మన పద్యనాటకాలు మాత్రం అదే హార్మోనియం మీద బతికాయి. కాబట్టి తప్పెవరిదని కాదు, ఏ కామాని వదులుకున్నారని అడగాలి. ఈసారి రిహార్సల్‌లో మీ కీబోర్డులో స్కేల్ ట్యూనింగ్ ఉంటే, అంతర గాంధారాన్ని 14 సెంట్లు దించి షడ్జమంతో కలిపి వినండి. తేడా మీ చెవికే తెలుస్తుంది.