భూగర్భంలోని సరుకుకు లెక్క ఎలా?

ఏర్పేడు: ఈ ప్రాంతపు ఎరువుల దుకాణాలకు చేరే యూరియాకు మూలం సహజవాయువు. గోడౌనులోని సరుకైతే బస్తాలు లెక్కపెట్టి, మచ్చు తీసి చూస్తే నిల్వ తేలిపోతుంది. సముద్రం అడుగున రాతి పొరల్లో ఉన్న వాయువుకు ఆ సౌకర్యం లేదు. బావి ఒక మచ్చు మాత్రమే. మిగతాది శబ్దతరంగాలతో అంచనా కట్టవలసిందే.

ఆ అంచనా ఎంత ఖరీదైనదో కృష్ణా-గోదావరి బేసిన్ చూపింది. కాకినాడ తీరానికి ఆవల 2002లో కనుగొన్న కేజీ-డి6 బ్లాకులో, డి1, డి3 క్షేత్రాల నుంచి 2009 ఏప్రిల్‌లో వాయువు రావడం మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు పథకం. 2010లో సుమారు 6 కోట్లకు చేరిన ఉత్పత్తి అక్కడి నుంచి దిగజారింది. పీడనం తగ్గింది, బావుల్లోకి నీరు, ఇసుక చేరాయి. కారణాలపై కంపెనీకి, ప్రభుత్వానికి మధ్య వివాదం నడిచింది. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాలూ ఆగిపోయాయి. ఈలోగా గ్యాసును నమ్ముకున్న విద్యుత్ కేంద్రాలు ఆంధ్రప్రదేశ్‌లో మూలపడ్డాయి.

కుండను తట్టితే లోపల నీరుందో లేదో ధ్వని చెబుతుంది. భూకంప తరంగాల సర్వే కూడా అంతే. ధ్వనిని సరుకుగా మార్చి చెప్పేది శిలాభౌతిక శాస్త్రం. రాతి రంధ్రాల్లో ఒక ద్రవం పోయి మరొకటి వస్తే రాయి గట్టిదనం ఎంత మారుతుందో లెక్కకట్టే సూత్రాన్ని గాస్‌మన్ 1951లో ప్రకటించారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. నీటిలో కొద్ది శాతం వాయువు కలిసినా తరంగ వేగం బాగా పడిపోతుంది. నిండా వాయువున్నా దాదాపు అంతే. అందువల్ల మొదటి సర్వే ‘వాయువు ఉంది’ అని చెప్పగలదు కాని, ‘ఎంత’ అన్నది ఒక్క వేగాన్ని బట్టి తేలదు.

ఉత్పత్తి మొదలైన కొన్నేళ్లకు అదే చోట మళ్లీ సర్వే చేసి, రెండింటినీ పోల్చడం రెండో మెట్టు. పీడనం తగ్గితే పైభారానికి రాయి బిగుసుకుంటుంది. అప్పుడు నిలువు ఒత్తిడి తరంగాలతోపాటు అడ్డంగా ఊగే కోత తరంగాల వేగమూ పెరుగుతుంది. నీరు చొరబడితే సాంద్రత పెరుగుతుంది, కోత తరంగం వేగం మాత్రం స్వల్పంగా తగ్గుతుంది. ఈ తేడాను బట్టి పడిపోయింది పీడనమా, వచ్చింది నీరా అన్నది విడదీయవచ్చు. కొత్త బావి ఎక్కడ వేయాలో, ఏ బావి త్వరలో తడుస్తుందో తెలిసేది దీనివల్లనే.

కొత్త నిక్షేపం వార్త రాగానే ఎరువులు, ఇంధన షేర్లలో తేజీ రావడం సహజం. అయితే ప్రకటించిన నిల్వ చేతికందిన సరుకు కాదు. ఎన్ని బావులు తవ్వారు, పీడనం ఎలా ఉంది, రెండో సర్వే ఏం తేల్చింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు వచ్చేవరకు బేరంలో జాగ్రత్త పాటించడం వర్తకులకు శ్రేయస్కరం.