గమనింపని ద్వారములు

చెరువుకట్ట యెంత బలమైనదైనను, ఎండ్రకాయ త్రవ్విన బొరియ గుండ నీరు చొచ్చినచో తుదకు గండి పడును. అందుచేతనే నీరటికాడు కట్ట పొడవునను నడచి ప్రతి రంధ్రమును పరిశీలించును. నేటి కార్యాలయములకును ఇట్టి కాపు అవసరము.

మేళ్లచెరువు ప్రాంతమున సున్నపురాయి సమృద్ధిగా లభించుటచే సిమెంటు కర్మాగారములు వెలసినవి. సిమెంటు బట్టీలో రాయి సుమారు 1450 సెంటిగ్రేడు డిగ్రీల వరకు కాగును. ఇట్టి బట్టీని నేడు ఒక గదిలో కూర్చుండి కంప్యూటరు తెరపై చూచుచు నడుపుదురు. ఆ కంప్యూటరును అందరును భద్రపరతురు. కాని గోడమీది కెమేరా, హాజరు యంత్రము, ముద్రణ యంత్రము కూడ చిన్న కంప్యూటర్లే యని తలచువారు అరుదు. అవియు అదే వలలో చేరియున్నచో, దొంగకు ఏ ద్వారమైనను చాలును గదా!

2016వ సంవత్సరమున ‘మిరాయి’ అను దుష్ట ప్రోగ్రాము బయలుదేరెను. యంత్రములను తయారుచేసినవారు మొదట పెట్టిన పాస్‌వర్డులను అనేకులు మార్చరని దాని కర్తలు గ్రహించిరి. అట్టివి సుమారు 60 వరుసగా ప్రయత్నించి, ఆ ప్రోగ్రాము వేలకొలది కెమేరాలను, రూటర్లను వశపరచుకొనెను. కెమేరాలు యథాప్రకారము బొమ్మలు చూపుచుండుటచే యజమానులకు అనుమానమే కలుగలేదు. అక్టోబరు 21వ తేదీన అవన్నియు ఒక్కుమ్మడిగా ‘డిన్’ అను అమెరికా సంస్థపై పడగా, పెక్కు వెబ్‌సైట్లు కొన్ని గంటలు అందకుండ పోయెను.

మన దేశమునకును ఈ భయము లేకపోలేదు. 2021 మార్చిలో కేంద్రప్రభుత్వ సంస్థయగు సెర్ట్-ఇన్ హెచ్చరింపగా, తెలంగాణ విద్యుత్ సంస్థలవారు అనుమానాస్పదములగు చిరునామాలను అడ్డగించి పాస్‌వర్డులను మార్చిరి. లడఖ్ సమీపమందలి విద్యుత్ నియంత్రణ కేంద్రములపై దాడియత్నములు జరిగినట్లు 2022 ఏప్రిలులో వెల్లడియయ్యెను. దుండగులు తమ జాడ తెలియకుండుటకై ఇతరుల కెమేరాలను, వాని రికార్డింగు పెట్టెలను వశపరచుకొని సాధనములుగా వాడిరని పరిశోధకులు తెలిపిరి. ఆ యత్నములు ఫలింపలేదని కేంద్ర విద్యుత్ మంత్రి ప్రకటించెను. ఒకరి అజాగ్రత్త వేరొకరికి ముప్పు తెచ్చుటకు ఇది నిదర్శనము.

నివారణోపాయములు కష్టములు కావు. వలలో చేరిన ప్రతి యంత్రమును పట్టికలో వ్రాయవలెను. కొనిన నాడే పాస్‌వర్డును మార్చవలెను. తయారీదారులు పంపు సవరణలను ఎప్పటికప్పుడు చేర్చవలెను. కెమేరాల వలను, బట్టీని నడుపు వలను వేరుచేయవలెను. వాడుకలో లేనిదానిని తొలగింపవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ప్రతిదానికిని బాధ్యుడొకడు ఉండవలెను. లేనిచో ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లే యగును.

విద్యార్థులారా! రేపు మీరు ఏ కార్యాలయమున పనిచేసినను, పెద్ద ద్వారమునకు తాళమున్నదని తృప్తిపడక, ఎవరును చూడని చిన్న ద్వారములను వెదకుడు. నీరటికాని నేర్పు అదియే.