ఫొటో వద్దన్న మామ్మ

సమస్య

మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. డిగ్రీ మొదటి సంవత్సరం అయింది. సెలవుల్లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి కదా, నేనూ నా స్నేహితురాలూ శ్రీకాకుళం శివారులో ఒక వృద్ధాశ్రమాన్ని ఎంచుకున్నాం. ఇలాంటి చోటికి వెళ్లడం నాకు ఇదే మొదలు.

మొదటి రోజు ఏం మాట్లాడాలో తోచక ఓ మూల నిలబడితే, ఒక మామ్మ పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకుంది. పలాసలో ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టిందట. బొటనవేలు, చూపుడువేలు కొసలు ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి. పిక్క నూనె తగిలితే చర్మం పొక్కిపోతుందని, చేతులకు బూడిద రాసుకుని కూర్చునేవాళ్లమని చెప్పింది. 2018లో తిత్లీ తుఫానుకు వాళ్ల కొద్దిపాటి జీడితోట కూలిపోయాక కొడుకు హైదరాబాద్‌లో కూలిపనికి వెళ్లిపోయాడట.

నేను ఫోన్ తీయగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఫొటో వద్దు బుజ్జీ. కొడుకు కాడ ఉన్నానని మా ఊల్లో సెప్పుకున్నాను. ఎవులైనా సూస్తే నా పరువు పోతాది" అంది. రిపోర్టులో వృద్ధులతో దిగిన ఫొటోలు ఉండాలని మా మెంటర్ సార్ అన్నారు. నా స్నేహితురాలేమో ఆ కొడుకు నంబరు సంపాదించి నాలుగు దులుపుదామంటోంది. మామ్మ మాత్రం "సెలవులయ్యాక కూడా వస్తావా?" అని రోజూ అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకుంటున్నాను.

ఇంట్లో ఇంకో గొడవ. మా నాయనమ్మ నాతో సరిగా మాట్లాడడం లేదు. ఎందుకని అడిగితే, "నన్నూ అక్కడ ఎయ్యడానికి జాగా సూసొస్తన్నావేటే?" అంది. మా నాన్న అది విని, "ఏసీ గది ఖాళీ ఉందేమో కనుక్కో" అని నవ్వాడు. ఆ పూట నాయనమ్మ అన్నం ముట్టలేదు. ప్రాజెక్టు వేరే చోటికి మార్చుకోమంటారా?

– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

సలహా

మార్చుకోవద్దమ్మా. నువ్వు వెళ్లిన చోటు మంచిదే. అక్కడ ఎంతవరకు కల్పించుకోవాలో తెలుసుకుంటే చాలు.

ముందు ఫొటో సంగతి. ఆమె వద్దంది, ఇక ఆ మాట ఎత్తకు. ముఖం కనపడకుండా తీస్తానని బతిమాలకు. కోక కట్టు, కూర్చున్న తీరు చూసినా సొంతూరివాళ్లు పోల్చేస్తారు. మీ సార్‌తో ఉన్నదున్నట్టు చెప్పు. లాగ్‌బుక్‌లో ఆశ్రమం మేనేజరు సంతకం పెట్టించి ఇస్తానను. ఫొటో కావాల్సిందే అంటే ఆశ్రమం గేటు ముందు మీరిద్దరూ నిలబడి దిగండి. రిపోర్టులో కూడా ఆమె పేరు, ఊరు రాయకు. నీ ఉత్తరంలో సైతం ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చే అచ్చు వేస్తున్నాం.

ఇక ఆ కొడుకు. ఫోన్‌లో దులపడం మీకు ఐదు నిమిషాల పని. ఆ తర్వాత అతను కసురుకునేది తల్లినే. మన జిల్లాల నుంచి హైదరాబాద్, చెన్నై, విశాఖ భవన నిర్మాణ పనులకు వెళ్లినవాళ్లు ఎంతోమంది ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకుని బతుకుతున్నారు. ఇతను తల్లిని వదిలించుకున్నాడో, పెట్టుకునే చోటు లేక అక్కడ చేర్చి నెలనెలా డబ్బు పంపుతున్నాడో మీకు తెలియదు. నిజంగానే పట్టించుకోనివాడైతే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకుంటే పిల్లల నుంచి నెలకు రూ.10 వేల వరకు భృతి ఇప్పిస్తారు. లాయరు అక్కర్లేదు. 14567 వృద్ధుల హెల్ప్‌లైన్, ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఈ సంగతి మేనేజరుతో మాట్లాడి, వారి ద్వారానే మామ్మ చెవిన వేయండి. అర్జీ పెట్టాలో వద్దో మామ్మ ఇష్టం. ఊళ్లో కొడుకు పరువు కాపాడుతున్న మనిషి అర్జీ పెట్టకపోవచ్చు. పెట్టలేదని విసుక్కోకండి.

"మళ్లీ వస్తావా" అంటే నవ్వి ఊరుకోవద్దు. ఎదురుచూసే మనిషి ఆ నవ్వును "వస్తాను" అనే లెక్కేసుకుంటుంది. నీకు నెలకు ఒక్క ఆదివారమే కుదిరితే "నెలకో ఆదివారం వస్తాను మామ్మా" అని చెప్పు. రాలేని నెల ఆశ్రమానికి ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడు. కాలేజీ తెరిచాక ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం అది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. అందులో కొన్ని గంటలు ఈ ఆశ్రమానికి కేటాయించమని ప్రోగ్రాం ఆఫీసరును అడుగు. ఒక్కదానివే వెళితే నీ చదువు అయ్యాక ఆగిపోతుంది. యూనిట్‌కు అలవాటైతే నీ తర్వాత జూనియర్లు వెళతారు.

అక్కడ ఏం చేయాలని బెంగ పెట్టుకోకు. మందుల చీటీ చదివి చెప్పు, గోళ్లు కత్తిరించు, ఫోన్ రీచార్జ్ చేసిపెట్టు. ఇంటి నుంచి అరిసెలో పాలకాయలో తీసుకెళ్లే ముందు మేనేజరును అడుగు. షుగరు ఉన్నవాళ్లుంటారు.

మీ నాయనమ్మ సంగతికి వద్దాం. ఆవిడ బెంగ కొడుకు గురించి. అతన్ని అడగలేక మనవరాలిని అడిగింది. మీ నాన్న వేళాకోళం చేసి ఆ బెంగను రెట్టింపు చేశాడు. నువ్వు ఎన్ని ఒట్లు వేసినా ఆవిడ నమ్మదు. "అమ్మా, నువ్వు మా దగ్గరే ఉంటావు" అని కొడుకు నోటితో వినాలి. ఈ పేజీ మీ నాన్నకు చూపించు. సాయంత్రాలు నాయనమ్మ పక్కన కూర్చుని, పేర్లు ఎత్తకుండా, ఆశ్రమం కబుర్లు చెప్పు. ఒకసారి తోడు రమ్మను. రానంటే బలవంతం చేయకు.

కాలేజీల వారికి ఒక విన్నపం. వృద్ధాశ్రమంలో చేసిన ప్రాజెక్టుకు వృద్ధుల ముఖాలున్న ఫొటోలు అడగకండి. వాళ్లు అక్కడున్న సంగతి ఊరికి తెలియాలో వద్దో తేల్చుకునే హక్కు వాళ్లది. మార్కులు వేయడానికి మేనేజరు సంతకం ఉన్న లాగ్‌బుక్ సరిపోతుంది.