తెల్లకణముల కౌంటు పెరిగినప్పుడు

కౌంటు అనగానే మన ఇండ్లలో నూలు జ్ఞాపకము వచ్చును. ఎనభయ్యో నంబరు, నూరో నంబరు అని చెప్పినంతమాత్రాన మనము నూలు కొనము. చిలప విప్పి, పోగు లాగి, వెలుతురులో చూచి గాని తీసికొనము. రక్తపరీక్ష చీటీలోని కౌంటును గూడ అట్లే చూడవలెనని మన కుటుంబములకు మనవి చేయుచున్నాము.

తెల్లకణములు శరీరమునకు కావలివాండ్రు. ఇవి ఎముకల మూలుగలో పుట్టును. పెద్దవారిలో ఒక ఘన మిల్లీమీటరు రక్తమునకు సుమారు 4,000 నుండి 11,000 వరకు ఉండుట సహజము. చీము, న్యుమోనియా, దెబ్బ, ఆపరేషను, గర్భము, స్టెరాయిడు మందులు, వీనిలో దేనివలన నైనను ఈ సంఖ్య పెరుగవచ్చును. బీడీలు త్రాగువారికి కొంత ఎక్కువగనే యుండును. కావున 14,000 అని చూచి ఇల్లంతా ఏడ్వనక్కరలేదు. సామాన్యముగా కారణము తీరినపిదప కౌంటు దిగును.

జ్వరము లేదు, చీము లేదు. అయినను రెండు మూడు మార్లు పరీక్షించినను కౌంటు దిగలేదు. అప్పుడు మాత్రము ఊరకుండరాదు. ఏ జాతి కణములు పెరిగినవో తెలుపు డి.సి. పరీక్షను, రక్తపు చుక్కను గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినితో చూచు పరీక్షను చేయించవలెను. దీర్ఘకాలిక ల్యుకీమియా చడీచప్పుడు లేక వచ్చును. వేరొక ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షలో బయటపడినవారు కలరు. అలసట, బరువు తగ్గుట, రాత్రి చెమటలు, ఎడమ డొక్కలో బల్ల పెరిగి నాలుగు ముద్దలకే కడుపు నిండుట దీని గుర్తులు. మగ్గము మీది అలసటయే యని త్రోసివేసి మనము మోసపోవుచున్నాము.

ఇందులో ముఖ్యముగా రెండు రకములు. ఒకటి లింఫోసైటులు పెరుగునది. ఎక్కువగా వయసు మళ్ళినవారికి వచ్చును. చాలమందికి కొన్ని ఏండ్లు మందు అవసరముండదు, క్రమముగా పరీక్షలు చాలును. రెండవది మైలాయిడు రకము. ఇందులో మూలుగ కణములోని 9వ, 22వ క్రోమోజోములు తెగి, పడుగులో తెగిన రెండు పోగుల కొనలు తారుమారుగా అతికినట్లు, ముక్కలు మార్చుకొనును. ఈ చెడిన క్రోమోజోమును 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కనుగొనిరి; ఆ మార్పిడిని 1973లో జానెట్ రౌలీ వివరించెను. నేడు రక్తపరీక్షతోనే దీనిని తెలిసికొనవచ్చును. ఈ మైలాయిడు రకము అంటువ్యాధి కాదు, తల్లిదండ్రులనుండి బిడ్డలకు దిగునదియు కాదు. సంబంధములు తప్పిపోవునని దాచుట అనవసరము.

2001లో ఇమాటినిబ్ అను మాత్ర వాడుకలోనికి వచ్చెను. క్రమము తప్పక వాడువారిలో చాలమంది ఇంచుమించు ఇతరులంత కాలము జీవించుచున్నారు. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు ఈ మందు విషయమై విదేశీ కంపెనీ పేటెంటు కోరికను త్రోసిపుచ్చెను. మన దేశపు కంపెనీల మాత్రలు తక్కువ ధరకు దొరకుచున్నవి.

అయితే కౌంటు సరియైనంతనే మాత్ర మానరాదు. కూతురు పెండ్లి ఖర్చు మీద పడినదని మూడు నెలలకే మానిన ఒక సోదరుడు, బల్ల పెరిగి తిరిగి మంచమెక్కుట మేము కండ్లార చూచితిమి. పైకి కౌంటు దిగినను లోపల తప్పు అతుకు మిగిలియుండును. మానవచ్చునా అనునది పరీక్షలు చూచి వైద్యుడే చెప్పవలెను. బిడ్డలను కోరు స్త్రీలు ముందుగనే వైద్యునకు తెలుపవలెను.

కౌంటు పెరుగుటతో పాటు చిగుళ్ళనుండి రక్తము, ఒంటిపై కమిలిన మచ్చలు, తగ్గని జ్వరము ఉన్నచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను. షోలాపూరు వారికి ముంబయి టాటా ఆసుపత్రి, కర్ణాటక వారికి బెంగళూరు కిద్వాయి, తమిళనాడు వారికి చెన్నై అడయారు, ఒడిశా వారికి కటకము ఆచార్య హరిహర, యానాము వారికి పుదుచ్చేరి జిప్మరు గలవు. ఖర్చు విషయమై అక్కడి సామాజిక సేవా విభాగమును అడుగవలెను.

చీటీలను తారీకుల వరుసన ఒక కవరులో భద్రపరచుడు. ఒక్క చీటీ కంటె వరుసగా మూడు చీటీలు వైద్యునకు ఎక్కువ చెప్పును.