పెరటి మామిడికి తల్లివేరు

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అన్నారు పెద్దలు. వైద్యం మాట అలా ఉంచి, కాయలు తినడానికైనా పెరటి చెట్టును మనం సరిగ్గా వేసుకొంటున్నామా అన్నది నా సందేహం. మా పరవాడలో ఇది చిన్న ప్రశ్న కాదు. 2002లో సింహాద్రి థర్మల్ కేంద్రం, ఆ తరువాత ఫార్మా సిటీ వచ్చాయి. పొలాలు పరిశ్రమల కిందికి వెళ్ళిన ఇళ్ళకి సాగు చేసుకోవడానికి మిగిలింది ఇంటి వెనక దొడ్డే. మా దొడ్డి ఆరు సెంట్లు. అందులో ఒక చెట్టు కూలితే పదేళ్ళు కూలినట్టే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నేను నాలుగో తరగతి. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ ఎన్నో చెట్లు నేలకొరిగాయి. మా దొడ్డిలో అప్పుడు రెండు మామిడిచెట్లుండేవి. ఒకటి తాత టెంక పాతిన నాటుమామిడి. వట్టి పులుపు, ఆవకాయకి తప్ప కొరగాదు. రెండోది సంచిలో కొనితెచ్చి నాటిన సువర్ణరేఖ అంటు. ఉమ్మడి విశాఖ జిల్లాలోనే పుట్టిన రకం, సుందరి అని కూడా అంటారు. మర్నాడు చూస్తే నాటుమామిడికి కొమ్మలు విరిగాయి గాని మాను నిలిచింది. సుందరి వేళ్ళతో సహా పడుకొంది. కిందికి దిగాల్సిన తల్లివేరు దానికి లేనేలేదు. ఉన్న వేళ్ళు సంచిలో చుట్టుకొన్నవి చుట్టుకొన్నట్టే లావెక్కి, బిందె కింది చుట్టకుదురులా ఉన్నాయి.

కారణం వృక్షశాస్త్రం చదివాకగాని తెలియలేదు. టెంక మొలిచిన కొద్దివారాలకే తల్లివేరు లోతుకి దిగుతుంది. సంచిలో దానికి దారి లేదు. వంగి చుట్టుకొంటుంది, లేదా మొక్క మార్చేటప్పుడు తెగిపోతుంది. పక్కవేళ్ళు నీరూ ఎరువూ అందిస్తూనే ఉంటాయి గనుక పైకి చెట్టు ఏపుగానే కనిపిస్తుంది. లోపం బయటపడేది గాలివాన నాడే. కొమ్మకి వేళ్ళు పుట్టించి తీసే గాలి అంటు జామకైతే అసలు తల్లివేరే ఉండదు.

పోనీ టెంక పాతి ఊరుకొందామా అంటే, మన రకాల్లో చాలావాటి టెంకలో ఉండేది పరాగ సంపర్కం వల్ల పుట్టిన ఒక్క పిండమే. తల్లి పండు రాదు. పైగా కాపుకి ఏడెనిమిదేళ్ళు ఆగాలి.

రెండూ కుదిరే మార్గం ఒకటుంది. చెట్టు ఉండాల్సిన చోటే టెంక పాతి, మొలిచిన మొక్కమీద అక్కడే అంటు కట్టడం. వేసవిలో మూడడుగుల గొయ్యి తీసి, ఎండనిచ్చి, పైమట్టీ మాగిన గత్తమూ కలిపి నింపాలి. పండు తిన్న వారం పదిరోజుల్లో టెంక పాతాలి, ఎండితే మొలవదు. ఒక గోతిలో మూడు పాతి బలమైనదాన్ని ఉంచుకోవాలి. మరుసటి వానాకాలానికి కాండం పెన్సిలంత అవుతుంది. కాపుమీదున్న సుందరి చెట్టులో అంతే లావు కొమ్మ ఎంచి, వారం ముందే తొడిమలుంచి ఆకులు కత్తిరిస్తే కొనమొగ్గ ఉబ్బుతుంది. మొక్కను అడుగున్నర ఎత్తులో కోసి, రెండంగుళాలు నిలువునా చీల్చి, ఉలిమొనలా చెక్కిన కొమ్మను అందులోకి దించాలి. బెరడు కిందుండే కాంబియం పొర కనీసం ఒక పక్కనైనా కలవాలి.

నా మొదటి రెండు అంట్లు పోయింది ఇక్కడే. కొమ్మ సన్నం, చీలిక వెడల్పు. నేను నడిమధ్య పెట్టాను. పొరకి పొర తగల్లేదు, నల్లబడిపోయాయి. పరీక్షలో ఇదే పటం వేసి మార్కులు తెచ్చుకొన్నవాణ్ణి! మూడోదాన్ని ఒక పక్కకి జరిపి, పాలిథీన్ పట్టీతో బిగించి కట్టాను. మూడు వారాలకి చిగిర్చింది. అంటు కిందనుంచి వచ్చే చిగుళ్ళని ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి, లేకపోతే నాటుమొక్కే పైచేయి అవుతుంది.

ఇక ఎత్తు. మూడడుగులు పెరగ్గానే నడికొన తుంచితే పక్కమొగ్గలు లేస్తాయి. చెట్టు పొట్టిగా, గుబురుగా ఉండి గాలికి తక్కువ దొరుకుతుంది. కాపొచ్చాక ఏటా కాయలు కోసిన వెంటనే, జూలై లోపల కత్తిరించాలి. అక్టోబరు తరువాత కత్తెర పెడితే పూత పోయినట్టే, ఎందుకంటే మామిడి ముదిరిన కొమ్మలమీద పూస్తుంది. జామ అలా కాదు, కొత్త చిగురుమీదే పూస్తుంది. మామిడి విస్తరించేదాకా ఖాళీలో బొప్పాయి వేసుకోవచ్చు, నీరు నిలవని మెరక చూసి.

ఈ సంక్రాంతికి మా అంటుకి తొలిపూత వచ్చింది. ఇంకా రెండేళ్ళది, వేళ్ళకి పోవాల్సిన బలం కాయలకి పోతుంది, తుంచేద్దామన్నాను. ఇంట పూసిన పూత తుంచుతావురా అని మామ్మ అడ్డుకొంది. చివరికి ఒక్క గుత్తి ఆవిడ పేర వదిలేసి మిగతావి తీసేశాను. అందులో ఇప్పుడు రెండు పిందెలున్నాయి.