వైరస్‌తో మెదడు కణితికి చికిత్స: ఇంట్లోవాళ్ళు చేయవలసినవి, చేయకూడనివి

మెదడులోని కణితికి వైరస్‌ను ఎక్కిస్తారంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అది క్యాన్సర్ కణాల్లో మాత్రమే పెరిగేలా జన్యువులు మార్చిన వైరస్. జపాన్ 2021లో షరతులతో అనుమతించిన డెలిటాక్ట్, పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ నుంచి తయారైందే. చిక్కల్లా, వైరస్ పని ముగియకముందే ఒంట్లోని రోగనిరోధక శక్తి దాన్ని తుడిచిపెట్టేయడం. ఎలుకలకు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చి ఆ శక్తిని కాసేపు అణచితే, వైరస్ బాగా పెరిగింది. అయితే మిగిలిన కణితిపై పోరాడాల్సిందీ ఆ శక్తే. ఎప్పుడు అణచాలో, ఎంత అణచాలో డాక్టర్లకే కత్తిమీద సాము. ఇంట్లో సొంత వైద్యం అసలే పనికిరాదు.

చేయవలసినవి

వాడుతున్న ప్రతి మందూ చెప్పండి, పెదవి పొక్కుకు మింగిన అసైక్లోవిర్‌తో సహా. హెర్పిస్ రకం చికిత్సలో అది అసలు మందునే దెబ్బతీయవచ్చు.

జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయండి. టోక్యోలో జరిగిన డెలిటాక్ట్ ట్రయల్‌లో 19 మందిలో 17 మందికి జ్వరం వచ్చింది. అలాగని "వైరస్ పనిచేస్తోందిలే" అని పారాసిటమాల్ వేసి కూర్చోకండి. రోగనిరోధక శక్తి అణిగిన ఒంట్లో అది వేరే ఇన్ఫెక్షన్ కావచ్చు. తలనొప్పి ముదిరినా, వాంతులైనా, మగతగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. మెదడు వాచిందేమో చూడాలి. వైరస్ పేరు, వాపు తగ్గడానికి వాడే స్టెరాయిడ్ మోతాదు రాసిన కాగితం వెంట ఉంచుకోండి. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు ఈ చికిత్స కొత్త కావచ్చు.

చేయకూడనివి

మొహం ఉబ్బింది, షుగర్ పెరిగిందని డెక్సామెథసోన్ అనే ఆ స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయకండి. చాన్నాళ్ళు వాడాక ఒళ్ళు సొంత స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గిస్తుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తలనొప్పి తగ్గుతుందని మాత్రలు పెంచడమూ తప్పే.

"ఇమ్యూనిటీ పెరుగుతుంది" అని చుట్టాలు తెచ్చే తిప్పతీగ, అశ్వగంధ అడగకుండా మొదలుపెట్టకండి. రోగికి లైవ్ వ్యాక్సిన్లు వేయించవద్దు. వైరస్ ఎక్కించిన చోట గాయం కట్టును ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు.

వైరస్‌తో నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్ళను నమ్మి పొలం అమ్ముకోకండి. టోకా 511 అనే వైరస్‌ను 403 మందితో నడిపిన పెద్ద ట్రయల్‌లో పరీక్షిస్తే, మామూలు చికిత్సకంటే మేలు కనిపించలేదు. మన దేశంలో ట్రయల్ అంటే సంతకానికి ముందే, ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐలోని నంబరు అడగండి. 2019 నాటి క్లినికల్ ట్రయల్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ ఇవ్వాలి.